చిత్రకారులు లక్ష్మా గౌడ్ గారు మూడు మీడియంలు పట్టుకుంటే ప్రయాణం, నేను పట్టుకుంటే తేల్చుకోకపోవడమా?

గోదారిగట్టు (రాజమండ్రి):

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ. ఈసారి అడగక తప్పడం లేదు.

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. బొమ్మలు పద్ధతిగా ఎక్కడా నేర్చుకోలేదు. మా ఊళ్ళో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది కాబట్టి మంచి బొమ్మ ఎలా ఉంటుందో చిన్నప్పటినుంచీ కంటికి తెలుసు, చేతికే తెలీదు. పిల్లలు కాస్త ఎదిగాక నీళ్ళరంగులు పట్టుకున్నాను. గోదారి, లంకలు, పడవలు, ఇక్కడ అందరూ వేసేవే. కొన్నేళ్ళకి అవి విసుగొచ్చాయి. మా వీధిలో జాకెట్లు కుట్టే ఆవిడ దగ్గర మిగిలే గుడ్డముక్కలు తెచ్చుకుని కాన్వాసు మీద అంటించి, పైన అక్రిలిక్ వేయడం మొదలుపెట్టాను. పాత న్యూస్‌పేపర్లు కూడా అంటిస్తున్నాను. ఈమధ్య ఇసుక, కొబ్బరిపీచు కలిపి గరుకుగా కొన్ని చేశాను.

మొన్న ఒక గ్రూప్ షోకి మూడు రకాలూ పంపితే నిర్వాహకుడొకాయన ఫోన్ చేసి, "మేడం, ఇవి ముగ్గురు మనుషులు వేసినట్టున్నాయి. ముందు మీరేంటో తేల్చుకోండి" అన్నాడు. ఒక్కటీ తీసుకోలేదు.

ఆ తర్వాత మా అబ్బాయి దగ్గరికి హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఒక గ్యాలరీలో కె. లక్ష్మా గౌడ్ గారి పనులు చూశాను. నల్లటి ఎచింగులు, అంటే లోహపు పలక మీద గీసి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మలు, ఒక గోడకి. పక్క గోడకి అద్దం వెనక వేసినట్టు మెరిసిపోతున్న రంగుల బొమ్మలు. మధ్యలో బల్ల మీద మట్టి తలకాయలు. దేనికీ దానికీ పోలికే లేదు. అయినా పేరు చూడకుండానే అన్నీ ఒకే మనిషివని తెలిసిపోతోంది. అదెలా? ఆయన ఇన్ని మీడియంలలో, అంటే ఇన్ని రకాల సామాన్లతో చేస్తే "సుదీర్ఘ కళాప్రయాణం" అని గోడ మీద రాశారు. నేను మూడు చేస్తే తేల్చుకోలేదన్నారు. తేడా పేరులో ఉందా, పనిలో ఉందా?

ఇంకో చిన్న సందేహం. అంటించిన న్యూస్‌పేపర్ పసుపుపచ్చగా మారిపోతోంది. ఫెవికాల్ తప్పా?

నీలిగీత (విశాఖపట్నం):

అక్కా, తేడా పేరులోనే ఉంది. ఆయనకి 2016లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఏం పట్టుకున్నా కొంటారు. మనలాంటివాళ్ళకి ఇన్‌స్టాలో తొమ్మిది బొమ్మలు పక్కపక్కన పెడితే తొమ్మిదీ ఒకేలా కనపడాలి, లేకపోతే ఎవడూ ఆగి చూడడు. నేను అప్లైడ్ ఆర్ట్ చదివాను, మా సీనియర్లు మొదటి రోజే చెప్పింది ఇదే. గుడ్డముక్కలు బావుంటే గుడ్డముక్కలే చెయ్యండి, మిగతావి ఇంట్లో పెట్టుకోండి. అందులో తప్పేమీ లేదు.

జింకుప్లేటు (హైదరాబాద్):

నీలిగీత తమ్మీ, వరుస తప్పు పెట్టినవ్. పేరొచ్చినంక ఆయన మీడియం మార్చలే. మార్చుకుంటనే పోయిండు, ఆ నడుమల పేరొచ్చింది.

నేను మాసాబ్‌ట్యాంక్ ఆర్ట్ కాలేజీల చదివిన, లక్ష్మా గౌడ్ గారికి చాన ఏండ్ల తర్వాత. ప్రింట్‌మేకింగ్ నా పని, బడుల డ్రాయింగ్ చెప్పుడు నా జీతం. రిటైరై చాన రోజులాయె. కాబట్టి చెల్లె అడిగినదానికి చేతిపని దిక్కు నుంచి చెప్త. పుస్తకాల భాష నాతోని కాదు.

ముందు ఆయన దారి చూడండి. 1940 సంవత్సరంల మెదక్ జిల్లా నిజాంపూర్‌ల పుట్టిండు. ఊర్ల తోలుబొమ్మలు, మట్టిపని చూసుకుంట పెరిగిండు. హైదరాబాద్ గవర్నమెంట్ ఆర్ట్ కాలేజీల డిప్లొమా అయినంక 1963ల బరోడాకు పోయిండు. పోయింది ఎచింగ్ నేర్చుకునేటందుకు కాదు. మ్యూరల్‌కు. కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర రెండేండ్లు గోడబొమ్మలు. కని అక్కడ ప్రింట్ ప్రెస్ కూడ ఉంది, దాని మీద చెయ్యి పడ్డది. వాపస్ వచ్చినంక పెన్నూ ఇంకు, ఎచింగులు. ఊరి ఆడమనుషులు, మగమనుషులు, మేకలు, చెట్లు ఒకదాంట్ల ఒకటి పెనవేసుకపొయ్యి, సిగ్గూ ఎగ్గూ లేకుండ. పట్నం పెద్దమనుషులకు ముఖం ఎర్రబడే బొమ్మలవి. చాన ఏండ్లు దాదాపు నలుపూ తెలుపూ బూడిదే. నడుమల హైదరాబాద్ దూరదర్శన్‌ల గ్రాఫిక్స్ కొలువు, తర్వాత సెంట్రల్ యూనివర్సిటీల సరోజినీ నాయుడు ఆర్ట్స్ స్కూల్ల పాఠాలు, 2001ల డీన్‌గ రిటైర్. రంగు చాన నింపాదిగ వచ్చింది. నీళ్ళరంగులు, పేస్టెల్, అక్రిలిక్ షీటు ఎనుక దిక్కు వేసే బొమ్మలు, టెర్రకోట, కంచు.

ఇది చదివితే సామాన్ల చిట్టా లెక్కుంటది. ఇప్పుడు అసలు సంగతికొస్త.

ఎచింగ్ ఎట్ల చేస్తరో తెల్వనోళ్ళకు చెప్త. జింకు పలకను నునుపు చేసి, మైనమూ తారూ కలిపిన నల్లపూత వేడి మీద పల్చగ పూస్తరు. ఆరినంక సూదితోని గీస్తరు. లోహాన్ని చెక్కేది ఉండదు, ఆ పూతను తీసేయాలె, గంతే. అందుకే చెయ్యి కాగితం మీద లెక్కనే ఆడుతది. ఎనుక పలకను నత్రికామ్లం కలిపిన నీళ్ళల్ల ముంచుతరు. పూత పోయిన తావుల ఆసిడ్ తింటది. గీత పొడుగునా సన్నసన్న బుడగలు లేస్తయి, వాటిని కోడీకతోని తుడుసుకుంట ఉండాలె, లేకుంటే గీత బొక్కలుబొక్కలుగ తింటది. జర సేపుంచితే సన్నగీత, బాగసేపుంచితే లోతు గీత. సన్నగ కావాల్సిన చోట వార్నిష్ పెట్టి మూసి, మిగిలినదాన్ని మళ్ళ ముంచుతరు. బూడిద రంగు కావాలంటే రాలపొడి, అంటే చెట్టుబంక పొడి చల్లి, కింద మంట పెట్టి అతికిచ్చి, మళ్ళ ఆసిడ్. ఆఖరికి సిరా పూసి, జాలిగుడ్డతోని తుడిసి, పలక మీద తడిపిన కాగితం పెట్టి ప్రెస్సుల తిప్పుతరు.

గిప్పుడు రెండు ముచ్చట్లు పట్టుకోండి. ఒకటి, గీత అన్నది దయలేని పని. రంగు వేసి కప్పేసే వీలు ఎచింగ్‌ల లేదు. మేక గడ్డం వేస్తే ప్రతి ఎంట్రుకా గీసిందే. రెండోది, ప్రింటు తీస్తే ఎడమది కుడికి పోతది. కుడిచేతిల కొడవలి కావాలంటే పలక మీద ఎడమచేతిల గీయాలె. ఏండ్లకేండ్లు గట్ల గీసినోనికి తలకాయల ఒక అద్దం తయారైతది. నా అసుంటి మామూలోనికే తయారైంది. ఇప్పటికీ ఆటో అద్దంల బోర్డులు అవలీలగ చదువుత, మనుమడు నవ్వుతడు.

ఇగ మీరు గోడ మీద చూసిన మెరిసే బొమ్మలు. అది షీటు ఎనుక దిక్కు వేసి ముంగట నుంచి చూసే బొమ్మ. అండ్ల కూడ ఎడమ కుడి తారుమారు. మీదికెళ్ళి వరుస కూడ తారుమారు. మామూలుగ నుదురు వేసినంక బొట్టు పెడతం. అక్కడ బొట్టు ముందు, నుదురు తర్వాత. కంట్ల మెరుపు చుక్క మొట్టమొదలు పెట్టాలె, ఎనుక నల్లగుడ్డు, ఎనుక తెలుపు, ఎనుక రెప్పల గీత, అవన్ని ఆరినంక ముఖం రంగు. చీర మీద పూలు ముందు, చీర ఎనుక. బ్యాక్‌గ్రౌండ్ అన్నిటికంటే ఆఖరు. ముందు వేసింది కప్పబడది, అదే పైన కనపడుతది. అందుకే మొదటి గీతనే ఆఖరి గీత. గిది ఎవనికి సులువు? పలక మీద దిద్దుకోరాని గీత గీసీ గీసీ, ఉల్టా చూసీ చూసీ ఉన్నోనికి. నా దృష్టిల ఆయన ఎచింగ్ నుంచి అద్దానికి దుంకలే, నడిసి పోయిండు. చెయ్యి ముందే తయారుగ ఉంది, షీటు తర్వాత వచ్చింది.

ఇంక ఎనుకకు పోతే తోలుబొమ్మ కూడ గంతే కద. పల్చగ చేసిన తోలుకు రంగు పూసి, నగల కాడ బొక్కలు పొడిచి, తెర ఎనుక దీపం పెడితే ఇవతల మనం చూస్తం. గీత కాడ వెలుగు వస్తది. ఇది నా ఊహనే, ఆయన చెప్పినట్టు రాసుకోకండి. కని ఎచింగులల్ల ఆడమనిషి మెడల గొలుసులు చూడండి, ముఖం కన్న నగ మీద పని ఎక్కువ.

మట్టి పని చూస్తే ఇంకో సంగతి. మట్టి పచ్చిగుంటే వేలు దిగబడుతది, పూర్తిగ ఎండితే పగులుతది. నడుమల ఒక పదునుంటది, తోలు మాదిరి గట్టిపడ్డ వేళ. అప్పుడు మొనతోని గీస్తే గీత కోసినట్టు వస్తది. మీరు చూసిన తలకాయలల్ల కనుబొమ్మలు, మీసం, జుట్టు దగ్గర చూసిన్రా? పిసికినట్టుండదు, గీసినట్టుంటది. శిల్పి చెయ్యి కాదది. గీసేటోని చెయ్యే మట్టి దాక పోయింది. మీరు పేరు చూడకుండ పట్టుకున్నది దాన్నే అని నేననుకుంటున్న.

కాబట్టి మీరడిగినదానికి జవాబు: తేడా పనిలోనే ఉంది. కని మీడియంలు ఎన్ని అన్న దాంట్ల లేదు. పాత సామాను నేర్పిన అలవాటు కొత్త సామానులకు ఎంబడి వచ్చిందా లేదా, అది చూడాలె. రాకుంటే ఆ నిర్వాహకుడన్నదే కరెక్టు. మిక్స్‌డ్ మీడియా అని పేరు పెట్టుకోని క్రాఫ్ట్ దుకాణంల దొరికినవన్నీ అంటించేటోళ్ళు నాకు చానమంది తెలుసు. మీరు వాళ్ళల్ల ఉన్నరో లేరో ఫొటోలు పెడితే చెప్త. మొహమాటం పడ.

కమాటీబాగ్ (వడోదర):

జింకుప్లేటు గారు రాసింది చదివి ఆగలేక రాస్తున్నా. నేను ఇక్కడ బరోడాలో పెయింటింగ్ చదువుతున్నాను, మాది నల్గొండ. మన దగ్గర్నుంచి ఇక్కడికి వచ్చే దారి పాతదే. తోట వైకుంఠం గారు కూడా కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివినవారే.

గురువుగారి సంగతి కాస్త చెప్పాలి. ఇన్ని మీడియంలు పట్టుకునే ధైర్యం ఎక్కడ్నుంచి వచ్చిందంటే నాకు ఆయనే కనపడతారు. 1924లో కేరళలో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్, బినోద్ బిహారీ, రామ్‌కింకర్‌ల దగ్గర నేర్చుకుని, 1951లో ఇక్కడ పాఠాలు చెప్పడానికి చేరారు. మధ్యలో కొన్నేళ్ళు అఖిల భారత చేనేత బోర్డులో డిజైన్ల పని. పెయింటింగ్ పెద్దది, నేత చిన్నది అనే లెక్క ఆయనకి లేదు. ఇక్కడ ఫైన్ ఆర్ట్స్ ఫెయిర్ జరిగితే కొయ్యముక్కలూ తోలూ పూసలూ పెట్టి ఆటబొమ్మలు చేసేవారు. అవి ఇప్పుడు మ్యూజియంల స్థాయి వస్తువులు. లక్నో రవీంద్రాలయం గోడకి పెద్ద టెర్రకోట మ్యూరల్ చేసింది 1963లో. లక్ష్మా గౌడ్ గారు ఇక్కడ చేరిన సంవత్సరం అదే. గోడబొమ్మ అంటే రంగు వేయడమే కాదు, మట్టిపలకలు కాల్చి పేర్చడం కూడా అని తెలిసిన చోటికి వచ్చారన్నమాట. ఆ తర్వాత ఎప్పుడో ఆయన మట్టి పట్టుకుంటే మనం ఆశ్చర్యపోవడం ఎందుకు?

అద్దం వెనక వేయడమూ సుబ్రమణ్యన్ గారు విరివిగా చేసినదే. మన దేశంలో తంజావూరు వైపూ, గుజరాత్‌లోనూ పాతకాలంలో దేవుళ్ళనీ జమీందార్లనీ అలా వేసేవారు. బజారు బొమ్మ అని చదువుకున్నవాళ్ళు పక్కన పెట్టిన పద్ధతిని ఆయన తీసి మళ్ళీ బల్ల మీద పెట్టారు. శాంతినికేతన్‌లో కళాభవన్ గోడల మీద నలుపు తెలుపుల్లో వేసిన పెద్ద బొమ్మని 2009లో, ఎనభై అయిదేళ్ళ వయసులో, మళ్ళీ వేశారు. 2016లో ఇక్కడే పోయారు.

గోదారిగట్టు గారూ, జాకెట్ల ముక్కలు అంటిస్తున్నందుకు మాత్రం మీరు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

బైండింగ్‌బాబాయ్ (విజయవాడ):

ఆర్ట్ గురించి నాకు తెలీదమ్మా, కాగితం గురించి తెలుసు. పాత పుస్తకాలు బాగుచేయడం నా పని. పచ్చబడటంలో ఫెవికాల్ పాత్ర తక్కువ, పేపరుదే ఎక్కువ. న్యూస్‌ప్రింట్ చెక్కగుజ్జుతో చేస్తారు, చెక్కలో ఉండే లిగ్నిన్ అనే పదార్థాన్ని అందులోంచి తియ్యరు. వెలుతురూ గాలీ తగిలితే పచ్చబడి పెళుసైపోతుంది. మీరు ఏ గమ్ వాడినా ఆగదు. ఆ అక్షరాలు కావాలంటే న్యూస్‌పేపర్‌ని మంచి కాటన్ కాగితం మీద జిరాక్స్ తీయించి అంటించండి. లేజర్ జిరాక్స్ అయితే తడికి సిరా కారదు.

గమ్ సంగతి. తెల్ల ఫెవికాల్ ఒకసారి ఆరితే మళ్ళీ ఊడదీయలేం, బొమ్మకి తర్వాతెప్పుడైనా మరమ్మతు చేయాలంటే చిక్కు. గుడ్డకైతే అక్రిలిక్ మీడియంతోనే అంటించుకోండి, మీరు పైన వేసే రంగూ అదే జాతి. కాగితానికి మైదా ఉడకబెట్టిన జిగురు బాగా పట్టుతుంది. మా పాతవాళ్ళు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవారు. మీరు కలపొద్దు. అందులోని రాగి వల్ల కాగితం కాలక్రమేణా గోధుమరంగుకి తిరిగి చివికిపోతుంది, నా బల్ల మీదికి వచ్చే పాత లెడ్జర్లలో సగం అలాంటివే.

ఇసుక ఏ ఇసుక? సముద్రపు ఇసుక అయితే బాగా కడగాలి, ఉప్పు ఉంటే తేమ లాగుతుంది.

గోదారిగట్టు:

బాబాయ్ గారూ, గోదారి ఇసుకేనండీ, కడిగే వాడాను. న్యూస్‌పేపర్ సంగతి ఈ రోజే మానేస్తున్నాను.

జింకుప్లేటు అన్నగారూ, భయపడుతూనే ఫొటోలు పెట్టాను. మొదటి వరసవి నీళ్ళరంగులు, రెండోవి గుడ్డవి, మూడోవి ఇసుకవి. మొహమాటం లేకుండానే చెప్పండి. నాకు ఇంకో దిగులు కూడా ఉంది. నాకిప్పుడు యాభై దాటాయి. దామెర్ల గారు 1925లో పోయేనాటికి ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. అంతలోనే ఆయనకంటూ ఒక చెయ్యి ఏర్పడిపోయింది. నేనిప్పుడు మొదలుపెట్టి ఏం ఏర్పరచుకుంటాను?

జింకుప్లేటు:

చెల్లే, ఫొటోలు పెద్దవి చేసి చూసిన. మా ఇంటామెకు కూడ చూపిచ్చిన, ఆమె కన్ను నా కన్న మంచిది.

నీళ్ళరంగులు మామూలే. మంచిగనే ఉన్నయి, కని మీరన్నట్టు అందరూ వేసేవే. ఒక్క సంగతి వదిలిపెట్టి. ప్రతి దాంట్ల నది వేయలేదు మీరు. గట్టు వేసిన్రు, పడవ వేసిన్రు, తాడు వేసిన్రు, నది ఉండాల్సిన కాడ కాగితం తెల్లగ వదిలేసిన్రు. కింది భాగంల దాదాపు సగం ఖాళీ. మొదట నేను పూర్తిగాని బొమ్మలనుకున్న. అన్నిట్ల గట్లనే ఉంటే అర్థమైంది.

రెండో వరసకు వస్తే, గుడ్డముక్కలు అన్నీ పైన గుంపుగ ఉన్నయి. కింద కాన్వాస్ ఉట్టిగ, ప్రైమర్ కూడ వేయనట్టు కనపడుతున్నది. ఆ నీలం జాకెట్ గుడ్డ ఉన్నదాంట్ల ఒక్క దారం పోగు కిందికి వేలాడుతున్నది, అంటించకుండ వదిలేసిన్రు. పడవ తాడు ఎక్కడ వేలాడిందో గక్కడ్నే. మీరు కావాలని చేసిన్రో లేదో నాకు తెల్వది, అడగ కూడ అడగ. నీళ్ళరంగుల కాగితం వదిలిన చెయ్యే గుడ్డ కాడ కాన్వాస్ వదిలింది. ముగ్గురు మనుషులన్నడు చూడండి, ఆయన ఈ రెండు వరసలు పక్కపక్కన పెట్టి చూసినట్టు లేడు. ఈ రెంటినీ ఇద్దరు మనుషులు వేసిన్రంటే నేనొప్పుకోను.

మూడో వరస మాత్రం నాకు నచ్చలే. ఇసుక, పీచు మొత్తం అంచు నుంచి అంచు దాక పరిసిన్రు. ఎక్కడ ఊపిరి సందు లేదు. అవి వేరే మనిషివే. ఎవరో టెక్స్‌చర్ వీడియోలు చూసి చేసినట్టున్నయి. ఇసుక విడిచిపెట్టుమంటలేను. కొన్నాళ్ళు ఇసుక పరవకుండ, ఇసుక ఎక్కడ ఉండొద్దో ముందు పెన్సిల్‌తోని గుర్తు పెట్టుకోని పని చేయండి. గదొక్కటే.

వయసు సంగతి. దామెర్లతోని పోల్చుకుంటే ఎవరికైన ఏడుపే వస్తది. ఇంకో దిక్కు చూడండి. మన పాకాల తిరుమల్ రెడ్డి, 1915ల పుట్టి 1996 దాక బతికిండు. బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్ల చదివిండు. ఆయిల్స్ వేసిండు, కొయ్య చెక్కిండు, ఎచింగులు చేసిండు, యాభై దాటినంక తాంత్రిక బొమ్మల దిక్కు తిరిగిండు. ఆయన పనులన్నీ ఒక హాలుల పెడితే నేను ముందు చెప్పిన సూత్రం నిలవదు. నిజంగనే నలుగురు మనుషులు కనపడుతరు. అయిన ఆయన పెద్ద ఆర్టిస్టే. కాబట్టి నా సూత్రం లక్ష్మా గౌడ్‌కు పనిచేస్తది, మీకు పనిచేస్తది, అందరికీ పనిచేస్తదని మాత్రం నేనంటలేను.

నీలిగీత:

అంకుల్, నేను కూడా ఫొటోలు చూశాను. ఆ వేలాడే దారం నాకు కనపడనే లేదు, మీరు చెప్పాక జూమ్ చేశా. సరే, రెండు వరసల వరకు ఒప్పుకుంటున్నా. కానీ గ్యాలరీవాడు జూమ్ చెయ్యడు కదా? వాడికి ఒక చూపులో కనపడాలి.

జింకుప్లేటు:

వాడు జూమ్ చేయడు, నిజమే. అందుకే ఏది పంపాలె, ఏ వరుసల పంపాలె అన్నది వేసినోళ్ళ పని. చెల్లే, వచ్చేసారి నీళ్ళరంగులు రెండు, గుడ్డవి నాలుగు పంపండి. ఖాళీ స్థలం ఎక్కువున్నవి ముందు పెట్టండి. మీ గురించి రాసే కాగితంల "మిక్స్‌డ్ మీడియా" అని రాసి ఊకోకండి. ఏ కాగితం, ఏ గుడ్డ, ఏ రంగు, పేరుపేరునా రాయండి. చూసేటోడు దగ్గరికి వస్తడు.

గోదారిగట్టు:

అన్నగారూ, దారం కావాలని వదిలిందే. మా ఇంట్లో ఒక్కరూ గమనించలేదు, ఊడిపోతోంది అంటించమన్నారు. ఇసుక బొమ్మల గురించి మీరన్నది బాధగానే ఉంది కానీ కాదనలేకపోతున్నాను, అవి వీడియో చూసి మొదలుపెట్టినవే.

ఇంకొక్కటి అడుగుతాను. మీరు చెప్పిన ఆ బొట్టు ముందు, నుదురు తర్వాత పద్ధతి ఒకసారి చేసి చూడాలనుంది. మళ్ళీ నాలుగోది పట్టుకుంటోందని తిట్టకండి. అద్దం మీద చేయనా, అక్రిలిక్ షీటు మీదా? ఏ రంగులు?

జింకుప్లేటు:

తిట్ట. కాగితం తెల్లగ వదిలే అలవాటున్నోళ్ళకు అది పనికొస్తది. షీటు మీద వదిలిన జాగ నుంచి ఎనుక పెట్టిన కాగితమో గుడ్డో కనపడుతది, మీ జాకెట్ ముక్కలు అక్కడ పెట్టుకోవచ్చు.

మొదటిసారి చిన్నది చేయండి, నోట్‌బుక్ అంత. అద్దం కన్న అక్రిలిక్ షీటు మేలు, పగలది, మూడు మిల్లీమీటర్ల మందం చాలు. అద్దమైతే స్పిరిట్‌తోని తుడవచ్చు. షీటును మాత్రం స్పిరిట్, థిన్నర్‌తోని తుడవకండి, సన్నగ పగుళ్ళు లేస్తయి. సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ. ముందు కాగితం మీద బొమ్మ గీసుకోని షీటు కింద పెట్టుకోండి. అక్షరాలు ఏమన్న ఉంటే ఉల్టా రాసుకోవాలె. అక్రిలిక్ రంగులు మీ కాడ ఉన్నవే చాలు, నీళ్ళు తక్కువ కలపండి, లేకుంటే షీటు మీద రంగు నిలవక ముత్యాలు ముత్యాలుగ అయితది. ఒక పూత బాగ ఆరినంకనే రెండోది, తడి మీద వేస్తే కింది గీత లేచొస్తది. నడుమ నడుమ షీటు తిప్పి ముంగట నుంచి చూసుకోండి, ఎనుక దిక్కు చూస్తే అంతా గందరగోళమే కనపడుతది.

ఇంకో మాట, దుకాణంల షీటు కొన్నప్పుడు రెండు దిక్కులా పల్చటి కవరు అంటించి ఉంటది. వేసే దిక్కుది ఒక్కటే తీయండి. చూసే దిక్కు కవరు ఇవతలికి కనపడే రకమైతే దాని కింద బొమ్మ మసకగనన్న కనపడుతది. ఫ్రేమ్ కట్టించే దాక దాన్ని ముట్టకండి, గీతలు పడుతయి.